వేసవి చెప్పులు – పాదాల సంరక్షణ

ఎండాకాలం వచ్చిందంటే బూట్లు, మేజోళ్లు పక్కన పెట్టి అందరం హవాయి చెప్పులు తొడుక్కుంటాము. కాలికి గాలి తగులుతుంది, తడిసినా పాడవవు, ధర కూడా తక్కువ. స్నానాల గదికి, పెరట్లోకి, వీధి చివరి కొట్టుకు వాటితో వెళ్లవచ్చు. కాని పొద్దున లేచింది మొదలు రాత్రి వరకు బజారు పనికి, నిలబడి చేసే ఉద్యోగానికి, దూరపు నడకకు కూడా అవే వాడితే పాదాలు దెబ్బతింటాయి. ఏప్రిల్, మే నెలల్లో మడమ నొప్పితోను, కాలి బొబ్బలతోను మా ఆసుపత్రికి వచ్చేవారి కాళ్లకు చాలాసార్లు కనిపించేవి అరిగిపోయిన రబ్బరు చెప్పులే.

ఈ పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఒకటే: చెప్పు పాదాన్ని పట్టి ఉంచాలి గాని, పాదం చెప్పును పట్టుకుని నడవకూడదు.

మడమ నొప్పి ఎందుకు వస్తుంది?

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. మడమ ఎముక నుండి వేళ్ల మొదళ్ల వరకు అరికాలిలో ఒక గట్టి పట్టీ వంటి పొర ఉంటుంది. దీనిని ప్లాంటార్ ఫేషియా అంటారు. విల్లుకు కట్టిన తాడులాగా ఇది అరికాలి వంపును నిలబెడుతుంది.

హవాయి చెప్పుకు వెనుక బెల్టు ఉండదు. అది జారిపోకుండా అడుగడుగునా వేళ్లు ముడిచి పట్టుకోవాలి. 2008లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది యువతీయువకులను నడిపించి చూశారు. బూట్లతో కంటే ఇటువంటి చెప్పులతో నడిచినప్పుడు వారి అడుగులు చిన్నవయ్యాయి. పైగా ఈ చెప్పు అడుగు చదునుగా, పలుచగా ఉండటం వల్ల అరికాలి వంపుకు ఆసరా దొరకదు. రోజంతా ఇలా నడిస్తే ఆ పొర మడమ దగ్గర లాగబడి నొప్పి మొదలవుతుంది.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్లు ఉంటుంది. నాలుగడుగులు వేశాక తగ్గుతుంది. ఎక్కువసేపు నిలబడితే మళ్లీ వస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నవారికి, గట్టి గచ్చు మీద, టైల్సు మీద వట్టికాళ్లతో పని చేసుకునే గృహిణులకు ఇది ఎక్కువ. అటువంటివారు ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వాడాలి.

వెనుక భాగం తెరచి ఉన్న చెప్పుల్లో మడమ చర్మం పక్కలకు ఒత్తుకుని పగుళ్లు కూడా పెరుగుతాయి. రాత్రి పడుకునే ముందు కాళ్లు కడిగి, బాగా తుడిచి, కొబ్బరినూనె గాని వ్యాజిలిన్ గాని రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయవద్దు.

షుగరు వ్యాధి ఉన్నవారికి హెచ్చరిక

షుగరు వ్యాధి చాలా ఏళ్లుగా ఉన్నవారిలో కొందరికి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. నడుస్తుండగా చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం దీనికి ఒక గుర్తు. అటువంటి వ్యక్తి మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద నాలుగడుగులు వట్టికాలితో నడిచినా అరికాలు కాలి బొబ్బలెక్కుతుంది, నొప్పి మాత్రం ఉండదు. బొబ్బ చితికి పుండవుతుంది, చీము పడుతుంది, చివరకు వేలో పాదమో తీసివేయవలసి రావచ్చు. వేళ్ల మధ్య పట్టీ ఒరుసుకున్న చోట కూడా ఇలాగే పుండు పడుతుంది. అందుచేత వీరు వేళ్ల మధ్య పట్టీ ఉన్న చెప్పులు వాడకూడదు. ప్రార్థనకో శుభకార్యానికో వెళ్లి చెప్పులు బయట ఎండలో విడిచినప్పుడు, తిరిగి తొడుక్కునే ముందు అవి ఎంత వేడెక్కాయో చేతితో తాకి చూడాలి.

స్పర్శ లేని పాదాన్ని మంచి చెప్పుతో కాపాడవచ్చునని మనకు నేర్పింది కుష్ఠు వైద్యమే. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాలు పాడయ్యేది మాంసం దానంతటదే కుళ్లి కాదని, నొప్పి తెలియక పదేపదే గాయపడటం వల్లనేనని చూపించారు. వారి కోసం వాడుకలోకి వచ్చిన మెత్తని మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులనే ఈనాడు ఎంసీఆర్ చెప్పులని షుగరు రోగులకు కూడా ఇస్తున్నారు.

చెప్పులు కొనేటప్పుడు

1. సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి.
2. వెనుక బెల్టు, పైన బిగించుకునే పట్టీ ఉన్నవి ఎంచుకోండి.
3. చెప్పును రెండు చివరలా పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమికి మడత పడకూడదు. తడిబట్టలా మెలితిరిగిపోతే కొనవద్దు.
4. లోపలి భాగం మెత్తగా, అడుగు గట్టిగా ఉండాలి. వేళ్ల ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి.
5. కొత్త చెప్పులు మొదటి రోజు అరగంట మాత్రమే వేసుకుని, విప్పి, పాదం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి.

మడమ నొప్పికి ఇంట్లో

మంచం దిగకముందే కాలివేళ్లను చేతితో మీ వైపుకు లాగి అరనిమిషం పట్టుకోండి. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కు చాచి, మడమ నేలకు ఆన్చి పిక్క సాగదీయండి. ఒక్కొక్క కాలికి మూడుసార్లు చేయాలి. నీళ్ల సీసాను గడ్డకట్టించి, బట్ట చుట్టి, పది నిమిషాలు అరికాలి కింద దొర్లించండి. స్పర్శ లేనివారు ఐసు వాడకూడదు. నొప్పి తగ్గడానికి నెలలు పట్టవచ్చు, అంతవరకు ఓపికగా చేయాలి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

పాదం మీద పుండు, చీము, నలుపు కనిపించినా, తిమ్మిరి ఉన్నా, ఒక పాదం మాత్రమే వాచి వేడిగా ఉన్నా, నొప్పి లేదని ఊరుకోవద్దు. షుగరు ఉన్నవారు అదే రోజు రావాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయడం, మందు పట్టీలు అంటించడం, వేడినీళ్లలో కాళ్లు పెట్టడం చేయవద్దు.

ఈ రాత్రి మీ ఇంట్లో అందరి చెప్పులూ తిరగేసి చూడండి. మడమ దగ్గర ఒక పక్కకు అరిగి ఉంటే, పట్టీ వదులై ఉంటే మార్చండి. షుగరు ఉన్న పెద్దవారి అరికాళ్లను వెలుతురులో రోజూ చూడండి. వారు వంగి చూసుకోలేకపోవచ్చు, ఆ పని పిల్లలు చేసి పెట్టవచ్చు.