బ్రాకెట్ దగ్గరే పగులు ఎందుకు?

ప్రశ్న: మా కాలేజీ రేసు కారుకి బైకు ఇంజను బిగించాం. గట్టిగా బ్రేకు కొడితే కింది ఎ-ఆర్మ్ బ్రాకెట్ వెల్డింగు పక్కన పగులుతోంది. మందం పట్టీ వేస్తే చాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం

జవాబు: చాలదు. బ్రాకెట్ ఫ్రేము ట్యూబు నడిమధ్యన ఉంటే, బ్రేకు పడ్డప్పుడల్లా ట్యూబు వంగుతుంది. పట్టీ వేస్తే పగులు దాని అంచుకి మారుతుందంతే. బ్రాకెట్‌ని ట్యూబులు కలిసే జాయింటు దగ్గరికి జరపండి. కుదరకపోతే బ్రాకెట్ ఉన్న చోటి నుంచి ఒక జాయింటుకి ఏటవాలు ట్యూబు వేయండి. బోల్టుని ఒక్క చెవికి వేలాడదీయకుండా రెండు చెవుల మధ్య బిగించండి. పాత పగులు మీద వెల్డింగు పోయొద్దు. కోసి కొత్త ముక్క వేయండి. టెస్టు అయ్యాక రంగు తీసేసి, డై పెనెట్రెంట్ కొట్టి, పైపైది తుడిచి, డెవలపర్ వేసి చూడండి: వెంట్రుకంత ఎర్రగీత కనిపించినా బండి ఆపాలి. రిజిస్ట్రేషన్ లేని ఈ కారుని ట్రాక్ దాటించకండి.