సీ3 తగ్గిందా? ఎక్కడికి పోయిందో కనుక్కోండి

కాంప్లిమెంట్ మీద పనిచేస్తామని ల్యాబ్‌కు వచ్చే పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్న మాటలివి. కొన్ని పుస్తకాల్లోనే ఉన్నాయి. కొన్ని మాత్రం బెంచి దగ్గర నిలబడితే గానీ ఒంటబట్టవు.

1. ముందు ట్యూబు సంగతి అడగండి, రోగి సంగతి తర్వాత. కాంప్లిమెంట్ అంటే రక్తంలో తిరిగే ముప్పైకి పైగా ప్రొటీన్లు; సీ1క్యూ, సీ3, సీ4, సీ5 లాంటివి. ఒకటి మేల్కొంటే అది ఇంకోదాన్ని కోసి లేపుతుంది. వీటిలో కొన్ని వేడికి ఆగవు. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే సూక్ష్మక్రిముల్ని చంపే గుణం పోతుందనీ, కాస్త తాజా సీరం కలిపితే తిరిగొస్తుందనీ జూల్ బోర్డే 1890లలోనే పారిస్‌లో చూపించాడు. అంత వేడి దాకా ఎందుకు, మన మే నెలలో ఐస్ లేకుండా స్కూటర్ డిక్కీలో వచ్చిన నమూనాను నేనైతే నమ్మను. సీహెచ్50 పరీక్షలో యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాలకు రోగి సీరం కలుపుతాం. కాంప్లిమెంట్ బాగుంటే కణాలు పగిలి, మసకగా ఉన్న ట్యూబు తేట ఎరుపుకు తిరుగుతుంది. లేకపోతే కణాలు అలాగే అడుగున చేరి, పైన నీళ్లు రంగు లేకుండా ఉంటాయి. సీహెచ్50 సున్నా వచ్చి సీ3, సీ4 మామూలుగా ఉంటే జన్యులోపమని అప్పుడే రాయకండి. మళ్లీ రక్తం తీసి, సీరం విడదీయగానే మంచులో పెట్టి పంపమనండి.

2. తగ్గడం వేరు, ఖర్చవడం వేరు. లూపస్ ఉధృతమైనప్పుడు సీ3, సీ4 రెండూ పడిపోతాయి. గొంతు నొప్పో, చర్మం మీద పుండ్లో వచ్చిపోయాక ముఖం వాచి, మూత్రం కోలా రంగులో పోసే పిల్లల్లో ఎక్కువగా సీ3 ఒక్కటే పడిపోతుంది. ఆ పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలుకొస్తుంది. మూడు నెలలైనా రాకపోతే వేరే కిడ్నీ జబ్బు వెతకాలి. ఇంకో చిక్కుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం సీ3ని ఎక్కువ తయారుచేస్తుంది. ఒకపక్క ఖర్చవుతున్నా రిపోర్టులో అంకె నిక్షేపంగా కనిపించొచ్చు. అందుకే ఒక్క రిపోర్టు కాదు, అదే మనిషి పాత రిపోర్టులన్నీ వరసగా పరిచి చూడండి.

3. లూపస్‌లో కిడ్నీని దెబ్బతీసేవాటిలో కాంప్లిమెంట్ ఒకటి. సరే, అసలు లేకపోతే మేలేనా? సీ1క్యూ పుట్టుకతోనే లేనివాళ్లలో ఎక్కువమందికి లూపస్ వస్తుంది! నన్ను ఈ రంగంలో కట్టిపడేసింది ఇదే. 1998లో లండన్‌లో మరీనా బొట్టో, మార్క్ వాల్‌పోర్ట్ బృందం సీ1క్యూ లేని ఎలుకల కిడ్నీల్లో చచ్చిన కణాల శకలాలు పేరుకుపోయి ఉండటం చూసింది. కాంప్లిమెంట్‌ను సైనికుడిగా బొమ్మలు గీస్తాం గానీ, అది సగం రోజు చేసేది పారిశుద్ధ్య పనే. చెత్త ఎత్తకపోతే మన సొంత డీఎన్‌ఏ బయటపడి, దాని మీదే యాంటీబాడీలు పుడతాయన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే వివరణ.

4. లూయీ పిల్లెమర్ పేరు గుర్తుంచుకోండి. యాంటీబాడీ లేకుండానే కాంప్లిమెంట్ మేల్కొనే దారి ఉందని 1954లో అన్నారు. చాలామంది కొట్టిపారేశారు. 1957లో ఆయన పోయారు. ఆ దారి నిజమేనని తర్వాత తేలింది.

5. మన దేశపు పిల్లల్ని మన దేశంలోనే చదవాలి. ఎటిపికల్ హెచ్‌యూఎస్‌తో కిడ్నీలు పాడైన భారతీయ పిల్లల్లో దాదాపు సగం మందికి ఫ్యాక్టర్ హెచ్ మీద యాంటీబాడీలున్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ల పరిశీలనల్లో తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఇది చాలా తక్కువ. కాంప్లిమెంట్ మన కణాల మీద పడకుండా ఆపేదే ఫ్యాక్టర్ హెచ్. సీ5ని ఆపే ఖరీదైన మందు దొరకని చోట కూడా త్వరగా ప్లాస్మా మార్చి, రోగనిరోధకతను అణచే మందులిస్తే చాలామంది కిడ్నీలు నిలుస్తున్నాయి. ఆ యాంటీబాడీల టెస్టు ఆలస్యం చేయకండి.

6. మందుల విషయం. సీ3ని పట్టి ఆపే కాంప్‌స్టాటిన్ మీద 1996లో వచ్చిన పేపరులో మొదటి పేరు అరవింద్ సాహుది. తర్వాత ఆయన పుణెలోని పరిశోధన సంస్థ ఎన్‌సీసీఎస్‌లో పనిచేశారు. కాంప్‌స్టాటిన్ కుటుంబం నుంచి వచ్చిన పెగ్‌సెటాకోప్లాన్‌కు 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. అంతకుముందే 2007లో సీ5ని ఆపే ఎక్యులిజుమాబ్ వచ్చింది. సీ5 ఆగితే మెనింజోకాకస్‌కు తలుపు తెరిచినట్టే. అందుకే వీలైతే మందుకు కనీసం రెండు వారాల ముందే టీకా వేయాలి. టీకా పడ్డా సరే, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రమ్మని రోగి జేబులో పెట్టుకునే కార్డు మీద రాసి ఉంటుంది.