రెండు సంతకాల మోబియస్

బొమ్మలేసి బతకగలమా అని అడిగే ఇంటర్ పిల్లలకు మన దగ్గర ఒకటే జవాబు: ముందు ఏదో ఒక డిగ్రీ చెయ్యి, తర్వాత చూద్దాం. నేనైతే ముందు ఫ్రెంచ్ కామిక్స్ చిత్రకారుడు జాఁ జిరో సంగతి చెబుతాను. లోకానికి ఆయన మోబియస్.

1938లో పారిస్ పక్కనే పుట్టారు. తల్లిదండ్రులు విడిపోవడంతో ఎక్కువగా తాతగారింట్లోనే పెరిగారు. పారిస్‌లో అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో చేరి, 1956లో చదువు సగంలో వదిలేసి మెక్సికోలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడి ఎడారి ఆయన బొమ్మల్ని జీవితాంతం వదల్లేదు. అయితే ఇది చదివి సర్టిఫికెట్ అక్కర్లేదన్నమాట అని సంబరపడకండి. అసలు చదువు ఆ తర్వాతే మొదలైంది.

సైన్యంలో తప్పనిసరి సర్వీసు ముగించుకుని వచ్చాక, 1961లో జిజే అనే బెల్జియం చిత్రకారుడి దగ్గర అసిస్టెంటుగా కుదిరారు. గురువుగారి 'జెర్రీ స్ప్రింగ్' కౌబాయ్ కథకు ఇంకు వేయడం పని. ఇంకింగ్ అంటే పెన్సిల్ గీత మీద దిద్దుకుంటూ పోవడం కాదు. గుర్రం జీను కింద గీత ఎంత లావుండాలి, దూరపు కొండ దగ్గర ఎంత సన్నబడాలి, టోపీ నీడలో ముఖం ఎంత నల్లబడితే కన్ను ఇంకా కనిపిస్తుంది... ఇవన్నీ కుంచె పట్టినవాడు అక్కడికక్కడ తేల్చుకోవాలి. ఒక పెద్ద చిత్రకారుడి పేజీ మీద ఆ పని చేస్తే వచ్చే చేతి ఒడుపు ఏ క్లాసురూములోనూ రాదు.

రెండేళ్లు తిరిగేసరికి సొంత అవకాశం వచ్చింది. 1963లో 'పిలోట్' వారపత్రికలో, జాఁ మిషెల్ షార్లియే కథతో 'బ్లూబెర్రీ' మొదలైంది. దానికి పెట్టిన సంతకం 'జిర్'. యూనిఫాం గుండీల దగ్గర్నుంచి రైలింజను దాకా పాత అమెరికాను నమ్మేలా గీయాలి, అదీ గడువులోగా. ఇల్లు నడిపింది ఈ సంతకమే.

రెండో సంతకం మోబియస్. మొదట్లో చిన్నాచితకా హాస్యం బొమ్మలకు వాడి పక్కనపెట్టిన ఆ పేరును 1970లలో మళ్లీ బయటికి తీశారు. మిత్రులతో కలిసి 1975లో 'మెతాల్ ఉర్లాఁ' పత్రిక పెట్టి, అందులో 'అర్జాక్' గీశారు. ఒక్క మాట ఉండదు. వింత పక్షి మీద ఎగిరే మనిషి, అంతే. టైటిల్ స్పెల్లింగ్ కూడా ఒక్కో భాగానికి ఒక్కోలా మార్చేశారు (ప్రూఫ్ రీడర్ ఏమనుకున్నాడో!). అదే ఏడాది దర్శకుడు జోడోరోవ్‌స్కీ తీయాలనుకున్న 'డ్యూన్' సినిమాకు వేల స్టోరీబోర్డు బొమ్మలు వేశారు. సినిమా ఆగిపోయింది. కానీ హాలీవుడ్ కన్ను ఆయన మీద పడింది. 'ఏలియన్' స్పేస్‌సూట్లు, 'ట్రాన్', 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' అన్నీ మోబియస్‌ను వెతుక్కుంటూ వచ్చినవే.

హైదరాబాద్ వీఎఫ్‌ఎక్స్, గేమ్ స్టూడియోల్లో కాన్సెప్ట్ ఆర్టిస్టు, స్టోరీబోర్డు ఆర్టిస్టు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇక్కడే ఆలోచించాలి. పోర్ట్‌ఫోలియో నిండా కండలు తిరిగిన వీరులే ఉంటే చూసేవాళ్లకు విసుగు. పర్‌స్పెక్టివ్ తప్పని ఒక వీధి, ఒకే పాత్ర నాలుగు వైపుల నుంచి, మాటల్లేకుండా కథ చెప్పే ఒక పేజీ పెట్టండి. ఇది జిర్ భాగం. ఎవరూ అడగకపోయినా మీరు గీసుకున్న లోకం ఒకటి చివర్లో చేర్చండి. అది మోబియస్ భాగం.

చదువుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి, ఎన్‌ఐడీకి డ్యాట్. ఫ్రాన్స్‌లో కామిక్స్ ఉత్సవానికి పేరుపడ్డ ఆంగులేమ్‌లో ప్రత్యేక కోర్సులున్నాయి గానీ, వాటికి ముందు ఫ్రెంచ్ నేర్చుకోవాలి.

మరో సంగతి ఎవరూ చెప్పరు. 'బ్లూబెర్రీ' మంచి ఊపు మీదున్నప్పుడే రాయల్టీల దగ్గర ప్రచురణకర్తతో పేచీ వచ్చింది. ఆ సిరీస్‌లో కొత్త కథ కోసం పాఠకులు ఏళ్లతరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. కాబట్టి మొదటి ఫ్రీలాన్స్ పని చేతికి రాగానే ఎగిరి గంతేసి ఒప్పేసుకోకండి. బొమ్మ హక్కులు ఎవరివి, మళ్లీ అచ్చువేస్తే డబ్బు ఎవరికి, పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా అన్న మూడూ కాంట్రాక్టులో రాయించుకోండి. ఫోన్లో అన్న మాటకు విలువ లేదు.