అమ్మానాన్నలకు కంప్యూటర్ - ఏ భాగం, ఎందుకు?

హాస్టల్లో చదువుకున్న మనలో చాలామందికి నాలుగు రూపాయలు చేతికి రాగానే ఇంటికి ఏదైనా కొనాలనిపిస్తుంది. నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో కంప్యూటర్ కొన్నాను. మా అమ్మ పొదుపు సంఘంలో రెండో లీడరు. ఏడో తరగతి వరకు చదివింది. సంఘం లెక్కల్లో పది రూపాయలు తేడా వస్తే రాత్రి పొద్దుపోయేదాకా కూడుతూ కూర్చునేది. నాన్న అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు గాని చూపు తగ్గింది. ఫోన్లో అక్షరాలు ఆనవు. వీళ్ళ కోసమే కొన్నాను. కాని కొనేటప్పుడు వీళ్ళనే మరచిపోయాను.

దుకాణంలో రంగుదీపాల క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు చూపించారు. డబ్బంతా వాటికే పోయింది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్.తోనే సరిపెట్టాను. యు.పి.ఎస్. తర్వాత చూద్దామనుకున్నాను. నాలుగో నెలలో ఒక గాలివాన రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉండగా ఎస్.ఎం.పి.ఎస్. కాలింది. దాంతో మదర్‌బోర్డు కూడా పోయింది. అప్పుడు అమ్మ లెక్కలు టైపు చేస్తోంది. "నేనే ఏదో నొక్కినట్టున్నాను నాయనా" అంది. కాదంటే నమ్మలేదు. చాలా నెలలు మౌసు ముట్టుకోలేదు. తప్పు ఆమెది కాదు, సామాను ఎంచిన నాది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

ముందు పనుల జాబితా

దుకాణానికి వెళ్ళకముందే ఇంట్లో ఏ పనులు చేస్తారో కాగితం మీద రాయండి. సంఘం లెక్కలు, కరెంటు బిల్లు, దరఖాస్తులు, పిల్లలతో వీడియో కాల్, పాత సినిమాలు, పాటలు - మా ఇంటి జాబితా ఇంతే. వీటిలో దేనికీ గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

ప్రాసెసర్

గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ప్రాసెసర్ తీసుకోవాలి. ఇంటెల్ ఐ3-12100 వంటిది ఈ పనులకు ఎక్కువే. పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న రకం కొంత చవక. కాని దానిలో గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు లేకపోతే తెరపై బొమ్మ రాదు. బిల్లు వేయకముందే ఆ అక్షరం చూసుకోండి. మదర్‌బోర్డు ఆ ప్రాసెసర్‌కు సరిపోయే వాటిలో మామూలుది చాలు.

ర్యామ్, ఎస్.ఎస్.డి.

మన హాస్టల్ భాషలో చెప్పాలంటే ర్యామ్ పుస్తకాలు పరచుకునే చాప, ఎస్.ఎస్.డి. ట్రంకుపెట్టె. చాప చిన్నదైతే ప్రతిదానికీ లేచి పెట్టె తెరవాలి. 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా తీసుకుని రెండో గాడి ఖాళీగా ఉంచండి. అవసరమైతే తర్వాత పెంచుకోవచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక అవసరానికి మించి కొనకండి. మదర్‌బోర్డు డీడీఆర్4 రకమా, డీడీఆర్5 రకమా అడగండి. ఒకదానిది మరొకదానిలో పట్టదు.

పాత హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరగాలి, ముల్లు వెతకాలి. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. అందుకే కంప్యూటర్ త్వరగా తెరుచుకుంటుంది. 256 జీబీ ఇంటికి చాలు. తెరుచుకోవడం ఆలస్యమైతే పెద్దవాళ్ళు అది చెడిపోయిందనుకుంటారు, నాలుగుసార్లు స్విచ్ నొక్కుతారు. కాబట్టి ఇక్కడ పొదుపు వద్దు.

కరెంటు భాగాలు

ఎస్.ఎం.పి.ఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు ఇస్తుంది. ఇలాంటి కంప్యూటర్ మామూలుగా 100 వాట్ల లోపే వాడుతుంది. కాబట్టి పెద్ద అంకె కాదు, నాణ్యత చూడాలి. '80 ప్లస్' గుర్తు, వారంటీ ఉన్న 400 లేదా 450 వాట్లది విడిగా కొనండి. 600 వీఏ యు.పి.ఎస్. కరెంటు పోయాక పని చేసుకోవడానికి కాదు, రాసింది భద్రపరచి ఆపడానికి కొన్ని నిమిషాలు ఇస్తుంది. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయడం అమ్మానాన్నలకు మొదటి పాఠం కావాలి.

తెర, కీబోర్డు

సుమారు 22 అంగుళాల, 1920×1080 చుక్కల మానిటర్ మంచిది. తెలుగులో వ, మ, ప, ష దగ్గర దగ్గరగా ఉంటాయి. వత్తులు, గుడులు స్పష్టంగా కనపడాలి. రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరం మసకబారుతుంది. దాన్ని అలాగే ఉంచి, సెట్టింగుల్లో స్కేలు 125 లేదా 150 శాతం పెట్టండి. కీబోర్డుకు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ స్టిక్కర్లు అంటించవచ్చు. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి.

డెస్క్‌టాప్‌లో మామూలుగా కెమెరా, మైకు ఉండవు. మైకు ఉన్న వెబ్‌క్యామ్ జాబితాలో రాసుకోండి. చాలా చవక మదర్‌బోర్డుల్లో వైఫై కూడా ఉండదు. చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం కొనాలి, లేదా ఫోన్‌ను కేబులుతో కలిపి నెట్ వాడుకోవాలి.

డబ్బు చాలకపోతే

ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే కంప్యూటర్లు కూడా మంచివే. అయితే ప్రాసెసర్ అంకె చూడాలి. ఐ5-8500లో మొదటి 8 అంటే ఎనిమిదో తరం. విండోస్ 11కు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరమో, ఆ తర్వాతిదో కావాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతకన్నా పాతదే దొరికితే ఎస్.ఎస్.డి. వేసి లినక్స్ మింట్ పెట్టుకోవచ్చు. అది ఉచితం. లెక్కలకు లిబ్రే ఆఫీస్ కూడా ఉచితమే. దొంగ కాపీలు వద్దు. ఏది కొన్నా సీరియల్ నంబర్లతో బిల్లు అడగండి.

రెండోసారి నేను ఈ పద్ధతిలోనే కొన్నాను. మొదటి రోజే అమ్మ ముందు యు.పి.ఎస్. ప్లగ్గు తీసి చూపించాను. అది కూతపెట్టింది గాని తెర ఆరలేదు. "అయితే నా చేతివల్ల కాలదన్నమాట" అంది. ఇప్పుడు నెల చివర లెక్క ఆమే కూడుతుంది. నోటుపుస్తకం మాత్రం మానలేదు. రెండూ సరిపోయాకే సంతకం పెడుతుంది. నాన్న వార్తలు పెద్ద అక్షరాల్లో చదువుకుంటాడు.

కొన్నాక కనీసం వారం రోజులు ఇంట్లో ఉండి నేర్పండి. మౌసు వాళ్ళ చేతిలోనే ఉంచండి, మీరు లాక్కోకండి. మనకు అక్షరాలు దిద్దించినప్పుడు వాళ్ళెవరూ విసుక్కోలేదు.