మోటారు సైకిలు ఉపదీపములు: ఎల్.ఇ.డి. బల్బులకు మార్చు విధానము

మోటారు సైకిలు ముందరి పెద్దదీపమునకు తోడుగా ఇరుప్రక్కల బిగించు చిన్నదీపములను ఈ పాఠమునందు ఉపదీపములని వ్యవహరింతుము. మన విద్యార్థులలో ననేకుల తండ్రులును అన్నలును చీకటిపడిన పిమ్మట మోటారు సైకిళ్లపై ఇండ్లు చేరువారే. మన పల్లెబాటలలో రాత్రివేళ నెదురగు ఆటంకములు అందరు నెరిగినవే: దీపములేని యెడ్లబండి, త్రోవకడ్డముగా పరుండిన గేదె, కోతల కాలమున తారురోడ్డుపై ఆరబోసిన ధాన్యము, దాని చుట్టును పేర్చిన రాళ్లు. వీనిని ఎంత దూరమునుండి చూడవలయునో లెక్కించినచో దీపము అలంకారము కాదని తేటపడును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 16.7 మీటర్లు. ఆటంకము కంటబడి చేయి బ్రేకును నొక్కునంతలో ఒక సెకను గడచిన, బండి 16.7 మీటర్లు ముందుకు పోవును. పొడిగానున్న తారురోడ్డుపై ప్రతి సెకనునకును సెకనునకు 6 మీటర్ల చొప్పున వేగము తగ్గునని యెంచినను, బండి నిలుచుటకు మరి 23 మీటర్లు పట్టును. వెరసి సుమారు 40 మీటర్లు. వెలుతురు 30 మీటర్లతో ఆగిపోవు బండిపై ఈ వేగమున పోవువాడు తాను చూడని చోటికి పరుగెత్తుచున్నవాడే.

వెలుతురు దూరముయొక్క వర్గమునకు విలోమానుపాతముగా తగ్గునని భౌతికశాస్త్రమున చదివియున్నాము. 20 మీటర్ల దూరమున నొక గోడపై ఎంత వెలుగు పడుచున్నదో, 40 మీటర్ల దూరమునను అంతే పడవలెనన్న నాలుగింతల వెలుతురు కావలెను. ఉపదీపముల యవసరము ఇచ్చటనే కలదు.

పాతబల్బు, క్రొత్తబల్బు

ఇన్నాళ్లును ఉపదీపములలో వాడుచు వచ్చినది హాలొజన్ బల్బు. దీనియందు సన్నని టంగ్‌స్టన్ తీగచుట్ట యుండును. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ తీగ 2500 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి కాగి వెలుగును. అనగా ఇది కాల్చి వెలిగించు దీపము. బ్యాటరీనుండి తీసికొన్న శక్తిలో అధికభాగము వేడిగా పోవును, కొలదిభాగము మాత్రమే వెలుతురగును. పైగా గుంతలబాటలో నిత్యమును కుదుపులకు లోనగుటచే కాగియున్న తీగ తెగిపోవుటయు కలదు.

ఎల్.ఇ.డి. యందు తీగ లేదు. అది అర్ధవాహకముతో చేసిన చిన్నబిళ్ల. దానిగుండ సరియైన దిక్కున విద్యుత్తు పోవునప్పుడు ఎలెక్ట్రాన్లు ఖాళీస్థానములతో కలిసి, ఆ కలయికలో విడుదలయగు శక్తి వెలుతురుగా బయటికి వచ్చును. 1907 వ సంవత్సరముననే హెచ్. జె. రౌండు అను ఆంగ్లేయుడు కార్బొరండము స్ఫటికము విద్యుత్తు సోకగా వెలుగుటను గమనించెను. 1962 లో అమెరికాయందు నిక్ హొలోన్యాక్ ఎఱ్ఱని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని నిర్మించెను. నీలివెలుగునకు మరి ముప్పదియేండ్లు పట్టినది. ఆ కార్యమును సాధించిన జపానుదేశపు శాస్త్రజ్ఞులు ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురా గారలకు 2014 లో భౌతికశాస్త్రమునందు నోబెల్ బహుమానము లభించెను. నీలివెలుగు ఎందుల కంత ముఖ్యమనగా, దానిపై పసుపువన్నెగల ఫాస్ఫరు పూత నుంచినచో నీలమును పసుపును కలిసి మన కంటికి తెల్లనివెలుగు తోచును. నేటి బండిదీపములు సాధారణముగా నిట్టివే.

లెక్కలో లాభము

హెచ్3 అను రకపు హాలొజన్ బల్బు 12 వోల్టులపై 55 వాట్లు తీసికొని 1450 ల్యూమెనుల వెలుతురు నిచ్చును. వాట్టునకు సుమారు 26 ల్యూమెనులు. మంచి ఎల్.ఇ.డి. వాట్టునకు 100 ల్యూమెనుల నిచ్చునని యెంచిన, 15 వాట్లతో 1500 ల్యూమెనులు వచ్చును. రెండు ఉపదీపములున్న బండిలో పాతవి 110 వాట్లు, అనగా 9.2 ఆంపియర్లు లాగును. క్రొత్తవి 30 వాట్లు, అనగా 2.5 ఆంపియర్లు మాత్రమే లాగును. 9 ఆంపియరు-గంటల బ్యాటరీ ఇంజను ఆపియున్నప్పుడు మొదటివానిని ఒక గంటయైన మోయజాలదు. రెండవవానిని లెక్కప్రకారము మూడున్నర గంటలు మోయగలదు. చిన్నబండి ఆల్టర్నేటరునకు ఇది గొప్ప ఊరట.

అయితే అంగడిలో పెట్టెమీది అంకెలను నమ్మి కొనరాదు. పెట్టెపై 100 వాట్లని అచ్చువేసియున్నను, అమ్మీటరు 12 వోల్టులపై 1.25 ఆంపియర్లు చూపినయెడల అది 15 వాట్ల దీపమే. కొలిచిన యంకెయే నిజమైన యంకె.

బల్బు మార్చిన చాలునా?

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. హాలొజన్ దీపము వెనుకనున్న అద్దపుగిన్నె, అనగా పరావర్తకము, ఆ సన్నని తీగ యుండు స్థానమును బట్టియే వంపు తీర్చబడినది. తీగ నాభియందుండిన కిరణములు క్రమముగా ముందుకు పోవును. తీగ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినను కిరణములు చెదరును. ఎల్.ఇ.డి. బల్బులో వెలుగుబిళ్లలు ఒక లోహపుపట్టీకి రెండుప్రక్కల నంటియుండును గాన, వెలుగు పుట్టు చోటును దాని యాకారమును పాతతీగతో సరిపోవుట అరుదు. ఫలితముగా బండి ముందరి నేల మిక్కిలి తెల్లగా కన్పట్టి, దూరము చీకటిగానే యుండి, మిగిలిన వెలుతురు ఎదుటివాని కన్నులలో పడును. నడుపువానికి వెలుగు పెరిగినట్లే తోచును. చూపుదూరము మాత్రము పెరుగదు.

దీనిని పరీక్షించుట సులభము. చీకటివేళ బండిని గోడకు 5 మీటర్ల దూరమున నిలిపి, ఒకప్రక్క పాతబల్బును, మరియొకప్రక్క క్రొత్తబల్బును ఉంచి, గోడపై పడు రెండు వెలుగుమచ్చలను పోల్చవలెను. ఆకారములు సరిపోలిన క్రొత్తబల్బు తగినదే. మచ్చ చెదరి పైకి ప్రాకినయెడల బల్బును తీసివేసి, ఎల్.ఇ.డి. కొరకే నిర్మింపబడిన పూర్తిదీపమును, అనగా బిళ్ల, పరావర్తకము, అద్దము కలిసియున్న దానిని అమర్చుట మేలు.

వేడిని గూర్చియు నొక మాట. ఎల్.ఇ.డి. వేడెక్కదని యనుకొనుట సరికాదు. ముందుకు పోవు కిరణములలో వేడి తక్కువ. బిళ్ల వెనుక మాత్రము వేడి పుట్టుచునే యుండును. ఆ వేడి పోవుటకే అల్యూమినియపు రెక్కలు గల వెనుకభాగము ఏర్పరచబడినది. గాలిచొరని పాతపెట్టెలో దానిని బిగించి మూసినచో వెలుగు క్రమముగా తగ్గి, బిళ్ల త్వరగా చెడును.

తీగలు కూర్చు క్రమము

పనికి పూనుకొనుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. పిమ్మట తెలిసికొనవలసినది దీపమునకు వచ్చు విద్యుత్తు ఏ జాతిదని. కొన్ని పాత చిన్నబండ్లలో ప్రధానదీపము బ్యాటరీనుండి గాక నేరుగా ఆల్టర్నేటరునుండి ఏకాంతరవిద్యుత్తుపై వెలుగును. అట్టి తీగకు ఎల్.ఇ.డి.ని తగిలించిన రెపరెపలాడును. కావున ఉపదీపములకు శక్తిని బ్యాటరీనుండియే తీసికొనవలెను. ఎల్.ఇ.డి. ఒక్కదిక్కుననే విద్యుత్తును పోనిచ్చును గాన ధన, ఋణ తీగలను తారుమారు చేయరాదు.

మీటను కాపాడుటకు రిలే నుంచుట మంచిది. రిలేకు నాలుగు కాళ్లు. 30 వ సంఖ్యగల కాలికి బ్యాటరీ ధనధ్రువమునుండి ఫ్యూజు ద్వారా తీగ రావలెను. 87 నుండి దీపములకు పోవలెను. 86 నకు మీటనుండి తీగ రావలెను. 85 బండి చట్రమునకు, అనగా ఋణమునకు, కలుపవలెను. ఫ్యూజును బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైన అంత దగ్గరగా నుంచవలెను. అది దీపమును గాక తీగను కాపాడుటకై యున్నదని గ్రహింపవలెను. 2.5 ఆంపియర్ల దీపములకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచున్నచో కారణమును వెదకవలెనే గాని, దానికి బదులు రాగితీగ చుట్టరాదు. అట్లు చేసిన కాలునది పెట్రోలుతొట్టిక్రింద నున్న తీగలే.

దూరమునకు చూపు ఉపదీపములైనచో 86 నకు వచ్చు తీగను మీట ద్వారా ప్రధానదీపపు దూరవెలుగు తీగనుండి తీయవలెను. అప్పుడు ఎదురుబండిని చూచి వెలుగును దించినంతనే ఉపదీపములును తమంతట ఆరిపోవును. మరచిపోవు చేతికి ఇది తగిన కట్టుబాటు.

దిక్కు సరిచేయుట

నడుపువాడు బండిపై కూర్చుండియుండగా, గోడకు 10 మీటర్ల దూరమున బండిని నిలిపి, నేలనుండి దీపముయొక్క నడిమి ఎత్తును కొలిచి గోడపై గీత గీయవలెను. వెలుగుమచ్చ పైయంచు ఆ గీతకు కనీసము 10 సెంటిమీటర్లు క్రిందుగా నుండవలెను. పొగమంచు దీపములు మరింత వంగియు, వెడల్పుగను ఉండవలెను.

లంబసింగి, పాడేరు ప్రాంతములయందు శీతకాలపు మంచులో పోవువారు పసుపువెలుగు మంచును చీల్చునని చెప్పుదురు. మంచుబిందువులు వెలుతురు అలలకంటె అనేకరెట్లు పెద్దవి గాన, అన్ని వన్నెలును ఇంచుమించు సమముగనే చెదరును. మంచులో సాయపడునది దీపము క్రిందుగా నుండి పైకి చిమ్మకుండుటయే. అయితే నీలిచాయ మిక్కుటముగానున్న తెలుపు ఎదుటివారి కండ్లను ఎక్కువగా బాధించును; కావున అట్టిదానిని విడుచుట మంచిది.

ఎదుటివాని కన్ను

మిరుమిట్లు గొలుపు వెలుగు సోకిన కన్ను తిరిగి చీకటికి అలవడుటకు కొన్ని సెకనులు పట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చువాడు మూడు సెకనులు చూపు తప్పినచో, 33 మీటర్లు గ్రుడ్డివాని వలె పోవును. ఆ 33 మీటర్లలో నడచివచ్చు కూలీ యుండవచ్చును, సైకిలుపై వచ్చు బాలుడుండవచ్చును. మన దీపము మనకు చూపు నిచ్చుటకు వారి చూపును హరించినయెడల, మనము ప్రమాదమును తొలగించుకొనలేదు, దానిని ఎదుటివానిపైకి నెట్టితిమి. అతడు తడబడి వచ్చి తగులునది మన బండికే.

శాసనమును కూడ తెలిసికొనవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52 వ సెక్షను, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనుచున్నది. కావున దీపములు కొనుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట వివేకము. 2017 ఏప్రిల్ 1 నుండి తయారగు మోటారు సైకిళ్ల ప్రధానదీపము ఇంజను నడుచుచున్నంతసేపు వెలుగుచునే యుండవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. ఇట్టి బండ్లలో ఇదివరకే వాడుకలోనున్న శక్తిని లెక్కించియే ఉపదీపములను ఎన్నుకొనవలెను.

అభ్యాసములు

1. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు 12 వోల్టులపై ఎన్ని ఆంపియర్లు లాగును? వానికి 3 ఆంపియర్ల ఫ్యూజు తగునా?

2. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి నిలుచుటకు, పైన చెప్పిన లెక్క ప్రకారము ఎన్ని మీటర్లు కావలెను?

3. మీ ఇంటి బండిని పెద్దల సమక్షమున గోడకు ఎదురుగా నిలిపి, వెలుగుమచ్చ పైయంచు గీతకు పైన నున్నదో క్రింద నున్నదో చూచి, కొలత వ్రాసికొని తరగతికి తెండు. పైన నున్నచో ఆ రాత్రియే సరిచేయుడని ఇంటివారితో చెప్పుడు.