మీ మెయిల్‌బాక్స్‌కూ గ్రేడింగ్ కావాలి

మదనపల్లె టమాటా మార్కెట్ చూసినవాళ్లకు గ్రేడింగ్ విలువ చెప్పనక్కర్లేదు. సైజును, రంగును బట్టి కాయను వేరుచేసి క్రేట్లలో నింపుతారు. పగిలినవాటిని పక్కన పెడతారు. అన్నీ కలిపి పోస్తే మంచి కాయకూ ధర పలకదు. ఉద్యోగాలకు దరఖాస్తు చేసే విద్యార్థి మెయిల్‌బాక్స్ పరిస్థితీ అంతే. కోచింగ్ ప్రకటనలు, షాపింగ్ ఆఫర్ల మధ్య కాల్ లెటర్ కలిసిపోతే, చూసేసరికి పరీక్ష తేదీ దాటిపోవచ్చు.

2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు ప్రారంభించి, సమాచార కేంద్రాలు తెరిచింది. ఆనాడు పల్లెకు సమాచారం చేరడమే గగనం. ఇప్పుడు అది ప్రతి చేతిలోని ఫోన్‌లోకీ వరదలా వస్తోంది. అందులో మనకు కావలసింది ఏరుకోవడమే నేటి నైపుణ్యం.

ముందు సొంత మెయిల్

పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా చాలామంది నెట్ సెంటర్లో దరఖాస్తు నింపిస్తారు. తొందరలో సెంటర్ వాళ్ల మెయిల్ ఐడీయే ఇచ్చేస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. నియామకం పూర్తయ్యేవరకు సొంత మెయిల్ ఐడీని వాడుకలో ఉంచుకోవాలనీ, ఇతరుల ఐడీ ఇవ్వరాదనీ బ్యాంకు ఉద్యోగ పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ తన నోటిఫికేషన్లలో స్పష్టంగా చెబుతుంది. మీ పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, దాన్ని ఉద్యోగాలకే కేటాయించండి.

ఫిల్టర్ పెట్టే పద్ధతి

వచ్చిన మెయిళ్లను మనం చెప్పినట్టు వేరుచేసే అమరికే ఫిల్టర్. జీమెయిల్ ఫోన్ యాప్‌లో దీన్ని తయారుచేసే వీలు లేదు. ఫోన్ బ్రౌజర్‌లో ‘డెస్క్‌టాప్ సైట్’ ఎంచుకుని ప్రయత్నించవచ్చు గానీ, చిన్న తెరమీద కష్టం. కాలేజీ ల్యాబ్‌లోనో, నెట్ సెంటర్లోనో ఒక్కసారి కంప్యూటర్ ముందు కూర్చోండి.

1. జీమెయిల్ తెరిచి, పైనున్న సెర్చ్ పెట్టెకు కుడి చివర ఉన్న గుర్తును నొక్కండి.
2. ‘ఫ్రమ్’ గడిలో పంపేవారి చిరునామా ఇవ్వండి. రిజిస్ట్రేషన్ రోజున వచ్చిన మెయిల్‌లో ‘ఎట్’ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని చూసి రాసుకుంటే సరిపోతుంది.
3. ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’, ‘స్టార్ ఇట్’, ‘అప్లై ద లేబుల్’ ఎంచుకోండి. లేబుల్‌కు ‘ఉద్యోగాలు’ అని పేరు పెట్టండి.
4. పాత మెయిళ్లకూ వర్తించాలంటే చివర్లో ఉన్న ‘ఆల్సో అప్లై ఫిల్టర్’ గడిలో టిక్ పెట్టండి. ఆఖరున మళ్లీ ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కండి.

బెంగళూరు కంపెనీలకు దరఖాస్తు చేసేవారికి ఏ చిరునామా నుంచి పిలుపు వస్తుందో ముందే తెలియదు. అలాంటప్పుడు ‘హ్యాజ్ ద వర్డ్స్’ గడిలో ఇంటర్వ్యూ, కాల్ లెటర్, అడ్మిట్ కార్డ్ వంటి మాటలను ఇంగ్లిష్‌లో రాయండి. రెండు పదాల మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి, మాటకూ మాటకూ మధ్య పెద్ద అక్షరాల్లో ‘ఆర్’ (OR) చేర్చండి. అయితే ఈ రెండో ఫిల్టర్‌కు ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ పెట్టకండి. మోసగాళ్లూ అవే మాటలు వాడతారు. ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’, ‘డిలీట్ ఇట్’ ఎంపికలను ఉద్యోగ మెయిళ్లకు ఎన్నడూ వాడవద్దు.

ఒకసారి పెట్టిన ఫిల్టర్ ఖాతాలోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లోనూ ఫలితం కనిపిస్తుంది. అయినా వారానికోసారి స్పామ్ ఫోల్డర్ చూడండి. అక్కడ చేరిన మెయిల్ 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది.

బ్రౌజర్ మొరాయిస్తే

నెట్ సెంటర్లలో ఇంకా పాత కంప్యూటర్లు ఉంటాయి. విండోస్ 7, 8.1 ఉన్నవాటిలో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. విండోస్ 10లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15తో మద్దతు ముగిసింది. పాత బ్రౌజర్లకు ఆసరాగా ఉన్న జీమెయిల్ ‘బేసిక్ హెచ్‌టీఎంఎల్’ రూపాన్ని కూడా 2024లో తీసేశారు. అందుకే పేజీ సగమే తెరుచుకోవడం, బటన్ పనిచేయకపోవడం జరుగుతుంటాయి. తప్పు మీదేనేమో అని కంగారుపడకండి.

మొదట బ్రౌజర్ ‘అబౌట్’ పేజీలో వెర్షన్ చూడండి. పాతదైతే అప్‌డేట్ చేయండి, కుదరకపోతే వేరే కంప్యూటర్‌కు మారండి. ఏ బ్రౌజర్ వాడాలో దరఖాస్తు సూచనల్లో ఉంటే దాన్నే పాటించండి. ఫీజు పేజీ తెరుచుకోకపోతే ఆ సైట్‌కు మాత్రం పాప్-అప్ అనుమతి ఇవ్వండి. చెల్లింపు మధ్యలో ‘బ్యాక్’, ‘రిఫ్రెష్’ నొక్కవద్దు. పని ముగిశాక లాగౌట్ చేయడం మరవద్దు. పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో దాచవద్దు.

ఫిల్టర్ ఆపలేనిది

ఉద్యోగం ఇస్తాం, ముందుగా డబ్బు కట్టండి అనే మెయిల్ ఎంత అందంగా ఉన్నా నమ్మకండి. పంపిన చిరునామాను అక్షరం అక్షరం చదవండి. మోసపోతే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

నెలల తరబడి చదివిన చదువు ఒక్క మెయిల్ చూడనందుకు వృథా కాకూడదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో ఇది తెలిసినవాళ్లు పక్కనున్న స్నేహితుడికీ నేర్పండి. ఈ ఆదివారమే అరగంట కేటాయించి మీ మొదటి ఫిల్టర్ పెట్టండి.