పాత కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఎందుకు పాడవుతుంది?

హోండా సిటీ వీటెక్, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వంటి కార్లు ఇరవై ఏళ్ల కిందట మన రోడ్ల మీద వేగానికి పేరు తెచ్చుకున్నాయి. వాటిని ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవారు ఉన్నారు. వయసు మీద పడిన ఇలాంటి కార్లలో ఒక జబ్బు తరచుగా కనిపిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వేగం అందుకోదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కింద నుంచి డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. మెకానిక్ చూసి, "కన్వర్టర్ పోయింది" అంటాడు.

అప్పుడు యజమాని ముందు రెండు దారులు ఉంటాయి. కొత్త కన్వర్టర్ వేయించడం ఒకటి. దాన్ని తీసేసి ఆ స్థానంలో ఉత్త గొట్టం అతికించడం రెండోది. రెండో దారి చట్టవిరుద్ధం, ఆరోగ్యానికీ చేటు. మొదటి దారిలోనూ ఒక చిక్కు ఉంది. కన్వర్టర్ దానంతట అది పాడవడం అరుదు. దాన్ని పాడుచేసిన లోపాన్ని అలాగే ఉంచి కొత్తది బిగిస్తే, కొన్నాళ్లకే దానికీ అదే గతి పడుతుంది.

డబ్బా లోపల ఏముంది?

స్టీలు డబ్బాలో తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. ఒక చదరపు అంగుళంలో సుమారు 400 సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గోడల మీద అల్యూమినా పూత ఉంటుంది. ఈ పూత ఎంత గరుకుగా ఉంటుందంటే, ఒక్క గ్రాముకు వంద చదరపు మీటర్లకు పైగా ఉపరితలం లభిస్తుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల అతి సూక్ష్మ కణాలు చల్లి ఉంటాయి. వీటి మొత్తం బరువు కొద్ది గ్రాములే.

ఈ లోహాలు ఉత్ప్రేరకాలు. ప్లాటినం, పల్లాడియం విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లను కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టి నైట్రోజన్‌గా వదులుతుంది. మొదటి రెండు పనులకు ఆక్సిజన్ కావాలి. మూడో పనికి ఆక్సిజన్ ఎక్కువైతే అడ్డు. ఈ మూడూ ఒకేచోట జరగాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అన్న నిష్పత్తిని ఇంజన్ పాటించాలి. అందుకే కన్వర్టర్‌కు ముందు ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది చెప్పినదాన్ని బట్టి ఇంజన్ కంప్యూటర్ క్షణక్షణం పెట్రోలును సరిచేస్తుంది. చిన్నపాటి హెచ్చుతగ్గులు వచ్చినప్పుడు పూతలోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ను దాచుకుంటూ, అవసరమైనప్పుడు వదులుతూ సర్దుతుంది.

ఈ చర్యలు చల్లటి కన్వర్టర్‌లో జరగవు. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాకే అవి ఊపందుకుంటాయి. కారు స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో కాలుష్యం ఎక్కువగా ఉండేది ఇందుకే.

వేడి, విషం, దెబ్బ

కన్వర్టర్‌ను చంపేవి ప్రధానంగా మూడు. మొదటిది అతివేడి. అరిగిన స్పార్క్ ప్లగ్గు లేదా బలహీనపడిన ఇగ్నిషన్ కాయిల్ వల్ల సిలిండర్‌లో పెట్రోలు మండకపోతే, అది అలాగే బయటికొచ్చి కన్వర్టర్‌లో మండుతుంది. వెయ్యి డిగ్రీలు దాటితే అల్యూమినా పూత కుదించుకుపోతుంది, లోహ కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. లోహం అంతే ఉంటుంది, పనిచేసే ఉపరితలం మాత్రం తగ్గిపోతుంది. వేడి ఇంకా పెరిగితే పింగాణీయే కరిగి రంధ్రాలు మూసుకుపోతాయి. కారు వేగం అందుకోకపోవడానికి కారణం అదే.

రెండోది విషం. ఫ్రెంచ్ ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950లలోనే అమెరికాలో కన్వర్టర్‌కు పేటెంట్ తీసుకున్నా, పెట్రోలులోని సీసం ఉత్ప్రేరకాన్ని కప్పేయడంతో అది అప్పట్లో కార్లలోకి రాలేకపోయింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడే, అక్కడ సీసం లేని పెట్రోలు కూడా అందుబాటులోకి తెచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి అది దేశమంతటికీ వచ్చింది. నేటి పాత కార్లలో సీసం బెడద లేదు. దాని బదులు, అరిగిన పిస్టన్ రింగుల గుండా పైకెక్కి కాలే ఇంజన్ ఆయిల్‌లోని ఫాస్ఫరస్ ఉత్ప్రేరకం మీద పొరలా పేరుకుంటుంది.

మూడోది దెబ్బ. స్పీడ్ బ్రేకర్‌కు తగిలినా, వేడెక్కి ఉండగా ఒక్కసారిగా నీళ్లలో దిగినా దిమ్మ పగలవచ్చు. ఆ ముక్కలే గులకరాళ్ల చప్పుడు చేస్తాయి.

ముందు పరీక్ష, తర్వాతే మార్పు

ఆక్సిజన్ సెన్సర్‌ను విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి ఇంజన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నడిపితే అసలు సంగతి తెలుస్తుంది. పీడనం మూడు పీఎస్‌ఐ దాటితే దారి మూసుకుపోయిందని అనుమానించాలి. ఆ తర్వాత ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు, ఆయిల్ ఖర్చు, సెన్సర్ పనితీరు చూడాలి. లోపం దొరికి, దాన్ని సరిచేశాకే కొత్త కన్వర్టర్ బిగించాలి.

గొట్టాన్ని కూడా అదే వరసలో చూడాలి. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దగ్గర దూరాలే తిరిగే కారులో గొట్టం పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి లోపలే నీరై నిలిచి తుప్పు పట్టిస్తుంది. సెన్సర్‌కు ముందు చిన్న చిల్లు పడినా చిక్కే. పొగ అలలు అలలుగా పోతుంది కాబట్టి, అలకూ అలకూ మధ్య ఆ చిల్లు బయటి గాలిని లోపలికి లాగుతుంది. సెన్సర్ దాన్ని చూసి ఆక్సిజన్ ఎక్కువైందని చెబుతుంది. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఆ అదనపు పెట్రోలు కన్వర్టర్‌కు చేటు చేస్తుంది. కొన్ని రూపాయల గ్యాస్కెట్ లోపం వేల రూపాయల కన్వర్టర్‌ను తినేసేది ఇలాగే.

లావు గొట్టం వేస్తే వేగం పెరుగుతుందా?

"ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అన్న మాట గ్యారేజీల్లో తరచుగా వినిపిస్తుంది. నిజానికి పొగకు అడ్డు ఏ ఇంజన్‌కూ మేలు చేయదు. ఇంజన్‌కు కావలసింది పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి దూసుకుపోయే పొగ తన వెనుక అల్పపీడనాన్ని వదిలి, తర్వాతి పొగను లాగుతుంది. గొట్టం మరీ లావైతే ఆ వేగం పడిపోయి, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. టర్బో ఉన్న కార్లలో టర్బో తర్వాతి గొట్టం కాస్త విశాలంగా ఉంటే ఉపయోగమే. అయితే కన్వర్టర్‌ను ఇంజన్‌కు దూరంగా జరిపితే అది ఆలస్యంగా వేడెక్కుతుంది.

చదరపు అంగుళానికి 200 రంధ్రాలుండే 'హై ఫ్లో' రకం కన్వర్టర్లలో పొగకు అడ్డు తక్కువ. అయితే ఉపరితలం కూడా తక్కువే. చవక రకాల్లో విలువైన లోహాలు మరీ తక్కువగా ఉంటాయి. ఆ కారు ఉద్గార ప్రమాణానికి ధ్రువీకరించిన దాన్నే ఎంచుకోవాలి.

బిగించడంలోనూ కొంత భౌతికశాస్త్రం ఉంది. రెండు మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్లిక లాంటి మెత్తటి జాయింటు, రబ్బరు హ్యాంగర్లు ఉండేది ఆ సాగుడుకు చోటివ్వడానికే. పాతవాటిని అలాగే ఉంచి గొట్టాన్ని బిగదీస్తే వెల్డింగ్ దగ్గర పగుళ్లు వస్తాయి. జాయింట్లకు మామూలు సిలికాన్ పేస్టు రాయకూడదు, దాని ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీసేయాలి.

తీసేస్తే ఏమవుతుంది?

వేడెక్కి చక్కగా పనిచేసే కన్వర్టర్ ఈ మూడు కాలుష్యాల్లో తొంభై శాతానికి పైగా తొలగిస్తుంది. దాన్ని తీసేస్తే అదంతా వెనక వచ్చే బైకు మీది మనిషి ముక్కులోకి పోతుంది. తుప్పు చిల్లుల గుండా కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికీ చేరవచ్చు. రంగు, వాసన లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది.

కాలుష్య తనిఖీలో నెగ్గితే చాలనుకోవడమూ పొరపాటే. భారత్ స్టేజ్ 2, 3 కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం మించకూడదన్నది నిబంధన. అదే తనిఖీలో హైడ్రోకార్బన్లనూ కొలుస్తారు కానీ నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. రోడియం పనిచేయడం మానేసినా ఆ కాగితం మీద తెలియదు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా, జైలు శిక్ష కూడా పడవచ్చు.

విప్పిన పాత కన్వర్టర్ చెత్త కాదు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియంలను తిరిగి తీయవచ్చు. అధీకృత రీసైక్లింగ్ కేంద్రానికి ఇస్తే అవి మరో కన్వర్టర్‌లో పనికొస్తాయి. ఇచ్చే ముందు దాని లోపలికి ఒకసారి టార్చి వేసి చూడాలి. దిమ్మ కరిగి ఉంటే లోపం పెట్రోలు, ఇగ్నిషన్ వైపు ఉంది. బూడిద పొర కప్పి ఉంటే ఆయిల్ వైపు, పగిలి ఉంటే దెబ్బ వైపు చూడాలి. కొత్తదానికి ఆయుష్షు పోసే సమాచారం పాతదానిలోనే ఉంటుంది.